గడువు ఇచ్చిన చేయి

2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైంది. కోడూరులో మేము అద్దె ఇల్లు ఖాళీ చేయవలసిన గడువు ఆ నెలాఖరే. సామాను మూటలు కట్టి ఉంది. ఆటో లేదు, మదర్సా మూతపడింది, జీతం ఆగింది.

మహమ్మారి ఉన్న ఊరికి వెళ్ళవద్దని, ఉన్న ఊరు విడిచిపోవద్దని దైవప్రవక్త (స) బోధించారు. పక్క వీధికి మారడం ఊరు విడవడం కాదు. కానీ మోతకు పదిమందిని పోగుచేస్తే, వ్యాధి పాకకూడదన్న ఆ బోధన ఉద్దేశమే దెబ్బతింటుంది. అందుకే సంకోచిస్తూ ఇంటి యజమానిని గడువు అడిగాము.

ఆయన హిందూ సోదరులు. ఆ అద్దే ఆయనకు ఆధారం. అయినా, "సాయిబుగారూ, ఈ భయంలో ఎక్కడికి పోతారు? ఉండండి. అద్దె చేతికి డబ్బు అందినప్పుడు ఇద్దురుగాని" అన్నారు. జూన్‌లో సడలింపులు వచ్చాకే ఇల్లు మారాము. బాకీ విడతలుగా తీర్చాము.

బాకీపడినవాడు ఇబ్బందిలో ఉంటే, కలిగేవరకు గడువివ్వమని అల్ బఖరా సూరా 280వ ఆయత్ ఆదేశిస్తుంది. మేము పిల్లలచేత కంఠస్థం చేయించే ఆ మాటను ఆయన ఆచరించి చూపారు.

మనలోనూ ఇళ్ళు, దుకాణాలు అద్దెకిచ్చేవారున్నారు. మన గడపకు వచ్చి గడువు అడిగినవారికి మనమేమి బదులిచ్చాము? అల్లాహ్ మన హృదయాలను విశాలం చేయుగాక! ఆమీన్.