తృప్తి ఎవరు చెప్పవలసిన మాట?

ఏ స్థితిలో ఉన్నా తృప్తిగా ఉండడమే క్రైస్తవ ధర్మమని బోధించేవారు ఒకవైపు. ఆ బోధను మత్తుమందని ఒక్క మాటతో కొట్టివేసే మన మిత్రులు మరొకవైపు. ఈ ఉభయులూ ఒక విషయంలో ఏకీభవిస్తున్నారు. విశ్వాసి తృప్తిపడ్డాడంటే లొంగిపోయినట్టేనని ఇద్దరి నమ్మకమూను. ఈ నమ్మకం మూలగ్రంథానికీ విరుద్ధం, ఆంధ్రదేశ చరిత్రకూ విరుద్ధం.

ముందు మూలం చూద్దాం. బోధకులు పదేపదే ఉదహరించే వాక్యం పౌలు ఫిలిప్పీ సంఘానికి వ్రాసిన లేఖలోది. వ్రాసినవాడు పీఠాధిపతి కాడు, సంకెళ్లలో ఉన్న ఖైదీ. కలిమిలోనూ లేమిలోనూ నిబ్బరంగా బ్రతకడం తాను నేర్చుకున్నానని అక్కడ చెప్పుకున్నాడే కాని, మీరు పస్తులుండి తృప్తిపడండని ఆజ్ఞాపించలేదు. పైగా తన కష్టంలో పాలుపంచుకుని సహాయం పంపినందుకు వారిని మెచ్చుకున్నాడు. అతడు వాడిన గ్రీకు మాట స్టోయిక్ తత్త్వవేత్తలది. ఒకరి దయమీద ఆధారపడనితనం దాని అర్థం.

ఆ ఫిలిప్పీలోనే మరొక సంఘటన జరిగింది. అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయం దాన్ని వర్ణిస్తుంది. విచారణ లేకుండా బెత్తాలతో కొట్టించి పౌలునూ సీలనూ చెరలో వేశారు. నడిరేయి వాళ్లు కీర్తనలు పాడారు. తెల్లవారాక అధికారులు గుట్టుచప్పుడు కాకుండా పొమ్మని కబురంపితే పౌలు కదలలేదు. బహిరంగంగా కొట్టినవాళ్లు స్వయంగా వచ్చి తీసుకుపోవాలన్నాడు. వాళ్లు వచ్చి బతిమాలుకున్నారు. రాత్రి పాడిన పాటను మాత్రమే చెప్పి, ఉదయం పెట్టిన పట్టును దాచేవారు సగం అధ్యాయమే చదివినవారు!

పౌలు పేరుతో ఉన్న ఇతర లేఖల్లో బానిసలు యజమానులకు లోబడాలన్న మాటలున్నాయి. అమెరికాలో బానిసల యజమానులు వాటిని బాగా వాడుకున్నారు. దీన్ని మనం దాచనక్కరలేదు. దాచకుండానే మన దేశం వైపు చూద్దాం.

1876-78 నాటి కరువు దాటీ దాటకముందే, 1878 జులై 3న, ఒంగోలు ప్రాంతంలో గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పుచ్చుకున్నారు. వారిలో అత్యధికులు మాదిగలు. తమ స్థితితో తృప్తిపడినవాళ్లయితే వాళ్లు నదిలో దిగి ఉండేవారు కాదు. అంతకుముందు కొన్నేళ్లుగానే ఆ ప్రాంతపు విశ్వాసులు చచ్చిన గొడ్డు మాంసం మానారు, జాతర్లలో డప్పు కొట్టమన్నారు, ఆదివారం వెట్టికి రామన్నారు. పెత్తందార్లు కక్షగట్టి బావుల దగ్గర అడ్డుకున్నారు. వెట్టివాడు వారానికొక రోజు తనదనడం చిన్న తిరుగుబాటా?

1985లో కారంచేడులో గొడవ మొదలైంది కూడా నీళ్ల దగ్గరే. మంచినీళ్ల చెరువును పాడుచేయవద్దన్నందుకు జులై 17న మాదిగపల్లెపై దాడి జరిగింది, ఆరుగురిని చంపారు. ఆ పల్లెలో క్రైస్తవులు అనేకులు. బ్రతికినవాళ్లు చీరాల చేరి శిబిరం వేసుకుని న్యాయం అడిగారు. ప్రార్థించిన నోళ్లే నినాదమూ ఇచ్చాయి. ‘క్రీస్తు చరిత్ర’ వ్రాసిన జాషువాయే ‘గబ్బిలం’ కూడా వ్రాశాడని మన సాహిత్య విద్యార్థులకు వేరే చెప్పాలా?

రాజ్యం కూడా వీరికి తృప్తినే బోధించింది. 1950 నాటి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. గుడి మారినా వాడ మారలేదన్న సంగతి ఊరంతటికీ తెలుసు, ఉత్తర్వుకు తప్ప.

మిత్రులకు ఒక మాట. మతాన్ని మత్తుమందన్న పేరాలోనే మార్క్స్ దాన్ని నిజమైన బాధపై నిరసన అని కూడా అన్నాడు. మనం మొదటిది కంఠస్థం చేసి రెండోది మరిచాం. ఫలితంగా వాడలోని ప్రార్థనాలయాన్ని బోధకుడికి వదిలేసి, ప్రజలు రాలేదని వాపోతున్నాం.

కష్టంలో నిబ్బరం పోరాటానికి శత్రువు కాదు; అది లేనివాడు మొదటి దెబ్బకే ఇంటికి పోతాడు. మన తగువు దానితో కాదు, దాన్ని ఎదుటివాడికి నీతిగా అంటగట్టేవాడితో. తృప్తి ఖైదీ చెప్పవలసిన మాట. జైలరు చెప్పవలసింది కాదు.