నాయకురాలి కూతురు నోరు విప్పితే

విత్తువాని ఉపమానం, తలాంతుల ఉపమానం. మన పల్లెల్లో చర్చికి పోయే ముసలమ్మలకి కూడా తెలిసిన పేర్లే ఇవి. అమెరికాలో ఆక్టేవియా బట్లర్ అనే నల్లజాతి రచయిత్రి ఈ రెండు పేర్లతోనే రెండు నవలలు రాసింది. ఒకటి 1993లో, రెండోది 1998లో వచ్చాయి. రాబోయే చెడ్డకాలం కథలు. మూడోది రాయాలని చూసింది గానీ పూర్తికాకుండానే 2006లో చనిపోయింది. తండ్రి బూట్లు పాలిష్ చేసేవాడు. తల్లి తెల్లవాళ్ల ఇళ్లల్లో పనిమనిషి. ఆ తల్లి దొడ్డిదారిన లోపలికి పోవడం చిన్నప్పుడే కళ్లారా చూసిన మనిషి ఈమె. దొడ్డిదారి సంగతి మనకి ఒకరు విడమరిచి చెప్పాలా?

మొదటి నవల గురించి అందరూ మాట్లాడతారు. నేను మాట్లాడాలనుకుంది రెండోదాని గురించి. మొదటి దాంట్లో లారెన్ ఒలమీనా అనే నల్లపిల్ల, ఉన్న చోటు తగలబడిపోతే కాలినడకన ఉత్తరానికి పోతుంది. దారిలో దొరికిన దిక్కులేనివాళ్లని కలుపుకుని ఒక పల్లె కడుతుంది. మార్పునే దేవుడనుకునే ఒక కొత్త నమ్మకాన్ని పెంచుతుంది. అక్కడికి కథ ఆశతో ఆగుతుంది.

రెండో నవల ఆ ఆశ మీద పడ్డ దాడి. జారెట్ అనే మతబోధకుడు అమెరికాకి పాత గొప్పతనం తిరిగి తెస్తానని చెప్పి అధ్యక్షుడవుతాడు. అదే మాట 1980లో రీగన్ వాడాడు, 2016లో ట్రంప్ వాడాడు. అందుకని ఇప్పుడు బట్లర్ని జోస్యం చెప్పిందని పొగుడుతున్నారు. జోస్యమేంటి, పాత గొప్పతనం అనే మాట వినగానే అది ఎవరి గొప్పతనమో కింద ఉన్నవాళ్లకి తెలిసిపోతుంది!

జారెట్ మనుషులు శిలువ గుర్తు వేసుకుని వచ్చి ఒలమీనా పల్లెని జైలు చేస్తారు. (చర్చికి పోయే మనవాళ్లు నొచ్చుకోవద్దు. రాజ్యం చేతికొచ్చిన మతం ఏదైనా ఆ పనే చేస్తుంది.) గొడ్డుకి పలుపు కట్టినట్టు అందరి మెడలకీ పట్టీలు వేస్తారు. మీట నొక్కితే ఒళ్లంతా భరించలేని నొప్పి. పైగా ఒలమీనాకి పక్కవాడి నొప్పి తన ఒంట్లోనే పుట్టే జబ్బు ఒకటుంది. ఆ దాడిలోనే భర్త పోతాడు. పిల్లల్ని ఎత్తుకుపోయి పేర్లు మార్చి ఆ మతస్తుల ఇళ్లల్లో పెంచుతారు. బట్లర్ ఇదంతా గాల్లోంచి తీయలేదు. 1865 దాకా నల్ల తల్లుల ఒళ్లోంచి పిల్లల్ని లాక్కుని అమ్మారు. 1879లో పెట్టిన కార్లైల్ బడిలో ఆదివాసుల పిల్లలకి జుట్టు కత్తిరించి, పేర్లు తీసేసి వేరే పేర్లు పెట్టారు.

చివరికి గాలివానకి కొండచరియ విరిగిపడి ఆ మీట ఉన్న ఇల్లు నలిగిపోతుంది. పట్టీలు పనిచెయ్యవు. పోరాటంతో కాకుండా కొండ విరిగి విడుదల కావడమేంటని అడిగేవాళ్లుంటారు. కొండ యంత్రాన్ని మాత్రమే పగలగొట్టింది. కాపలావాళ్ల పని పట్టింది, ఆ జైలుని తగలబెట్టింది ఆ మనుషులే.

నాకు నచ్చనిదీ ఒకటుంది. ఆఖర్న వాళ్ల జనం వేరే లోకాలకి బయల్దేరిన ఓడకి కొలంబస్ పేరు పెడతారు. ఒలమీనా కాదంటుంది, తర్వాత పేరుదేముందిలే అని సర్దుకుంటుంది. నేనైతే సర్దుకోలేను. కావాలనే పెట్టిందని తెలుసు, అయినా మింగుడు పడదు.

అసలు సంగతికొస్తాను. ఈ కథని మనకి చెప్పేది ఎక్కువగా ఒలమీనా డైరీలే. కానీ ఆ డైరీలని మన ముందు పెట్టి మధ్యమధ్యలో మాట్లాడేది, పాలు తాగే వయసులో ఎత్తుకుపోబడిన ఆమె కూతురు. పెంచినవాళ్లు ఆషా వేర్ అని పేరు పెట్టారు. ఆ ఇంట్లో ప్రేమ లేదు, పెంపుడు తండ్రి బుద్ధి మంచిది కాదు. ఈ పిల్ల తల్లిని పొగడదు. మా అమ్మకి నాకంటే తన ఉద్యమమే ఎక్కువైందని మొహం మీదే అంటుంది. తల్లి ఏళ్ల తరబడి వెతికిందని మనం చదివాం. పిల్లకి ఆ వెతుకులాట అందలేదు. ఇద్దరి మాటా నిజమే. పెద్దయ్యాక కలుసుకున్నా ఆ ఎడం పూడదు. బట్లర్ కూడా పూడ్చలేదు.

ఇంకో మనిషి మార్కస్, ఒలమీనా తమ్ముడు. బానిస వ్యాపారుల చేతిలోంచి డబ్బు పోసి విడిపించింది ఈ అక్కే. ఆయన ఆ మతంలో పెద్ద బోధకుడై, మేనకోడల్ని వెతికి పట్టుకుని, తల్లికి చెప్పడు. పిల్లకేమో మీ అమ్మ చచ్చిపోయిందంటాడు. మెడపట్టీ వేసినవాళ్ల మీద నాకు కోపమే వచ్చింది. ఈయన్ని చదివితే కడుపు రగిలింది. పైవాళ్లు ఇచ్చిన వేదిక ఎక్కాక ఇంట్లోవాళ్ల ఏడుపు వినపడని తమ్ముళ్లు మనకీ తెలుసు, ఏ జిల్లాలో ఉన్నారని అడక్కండి.

మన నాయకుల జీవిత చరిత్రలు నేను చాలానే చదివాను. ఊరేగింపులుంటాయి, కేసులుంటాయి, జైళ్లుంటాయి. రాత్రి మీటింగుకి పోతే ఇంట్లో అన్నం వండిందెవరో ఉండదు. పిల్లాడి ఫీజు ఎవరు కట్టారో ఉండదు. ఆ పిల్లలు ఇప్పుడు పెద్దవాళ్లయ్యారు, చదువుకున్నారు, రాయగలరు. ఈ పత్రికవాళ్లకి నాదొక మనవి. రెండు పేజీలు వాళ్లకివ్వండి. తల్లిదండ్రుల్ని మెచ్చుకున్నా వెయ్యండి, తిట్టినా వెయ్యండి. ఒక్క ముక్క దిద్దకుండా వెయ్యండి.