నీలంగా ఉంటే చాలదు, కింద చూడాలి

వానలు మొదలైతే చాలు, మన గ్రూపులో పెద్ద సాలీళ్ల ఫోటోలు మొదలౌతాయి. చెట్టు తొర్రలోంచి ఏది బయటికొచ్చినా "గుత్తి సాలీడు దొరికింది" అని పెట్టేస్తున్నాం, కిందనే ఊరి పేరు. ఈ రెండు అలవాట్లూ మానుకోవాలని మా మాట.

ముందు పేరు సంగతి. 1899లో పోకాక్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త, గుత్తి రైల్వే కలప యార్డులో దొరికిన ఒకే ఒక్క సాలీడును చూసి పీసిలోథీరియా మెటాలికా అని పేరు పెట్టాడు. కలపతో పాటు అది రైల్లో వచ్చి ఉంటుందని తర్వాత అనుకున్నారు. నూరేళ్లు దాటాక నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్లీ కనబడింది. ఉండేది మన నల్లమలలో, పేరేమో గుత్తిది!

ఇక గుర్తుపట్టడం. నీలం ఒక్కటే చూసి తేల్చొద్దు. అది రంగుపదార్థం కాదు, వెంట్రుకల్లోని అతి సన్నని అమరిక మీద వెలుగు పడి వచ్చే మెరుపు. కుబుసం విడిచే ముందు మాసిపోతుంది, ఎదిగిన మగవాటికి అంతగా ఉండదు. పిల్లలప్పుడు ఈ బంధువులన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి. పొట్ట అడుగున అడ్డంగా లేతరంగు పట్టీ ఉంటే అది రెగాలిస్, తూర్పు కనుమల్లో అదీ ఉంది. మొదటి రెండు జతల కాళ్ల అడుగున పసుపు ఎక్కడ మొదలైంది, నలుపు ఎక్కడ అడ్డం వచ్చింది అన్నది ముఖ్యం. పైనుంచి తీసిన ఫోటోలో ఇవేవీ కనబడవు. అలాంటప్పుడు "పీసిలోథీరియా, జాతి తెలీదు" అని రాస్తే పరువేం పోదు.

శాస్త్రవేత్తలు జననాంగాలు కూడా చూస్తారు. క్లాసులో ఈ మాటకే సగంమంది తలొంచుకుంటాం గానీ, చాలా సాలీళ్ల జాతులు తేలేది అక్కడే. మగదానికి నోటి పక్కన ఉండే పొట్టి కాళ్ల చివర ఉబ్బు, దాని సూదిలాంటి మొన. ఆడదానికి పొట్ట లోపల వీర్యం దాచుకునే సంచి. పీసిలోథీరియాల్లో ఈ తేడాలు చిన్నవి, అందుకే కాళ్ల పట్టీలకు అంత విలువ. ఆడదాని సంచి చూడాలంటే చంపక్కర్లేదు, విడిచిన కుబుసంలోనూ కనబడుతుంది. ఎండినదాన్ని సబ్బునీళ్లలో నానబెట్టి మెల్లగా విప్పితే, ముందు జత ఊపిరితిత్తుల మచ్చల మధ్య దొరుకుతుంది. అడవిలోంచి తేవాలంటే మాత్రం ముందు ఫారెస్టు వాళ్లనడగండి. బతికున్నదాన్ని అసలు ముట్టొద్దు, కరిస్తే కండరాలు రోజుల తరబడి పట్టేస్తాయి.

మన పెద్దలకు ఇవన్నీ తెలుసని గొప్పలు చెప్పం. తొర్ర ఏ చెట్టుకుంటుందో వాళ్లకు తెలుసు, కాళ్ల పట్టీ లెక్క మనం నేర్చుకోవాలి. రెండూ తెలిసినవాడు దారి చూపే గైడుగానే మిగిలిపోడు.

ఊరి పేరు ఎందుకొద్దంటే, విదేశాల్లో దీన్ని ఇళ్లలో పెంచుకునేవాళ్లున్నారు. 2008లో ఐయూసీఎన్ దీన్ని అంతరించిపోయే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న జాబితాలో పెట్టింది. 2019లో ఈ ప్రజాతి మొత్తాన్నీ సైటిస్ రెండో అనుబంధంలో చేర్చారు. అయినా పట్టేవాడికి ఒక్క తొర్ర ఆచూకీ చాలు. ఫోన్ కెమెరాలో లొకేషన్ ఆపేశాకే ఫోటో తీయండి, పాత పోస్టుల్లో ఊరి పేర్లుంటే ఇవ్వాళే తీసేయండి.