కళ్లు తిరగడమా... తల తిరగడమా?

పోయిన నెల అమ్మను హైటెక్ సిటీ దగ్గర ఓ చెవి డాక్టరుకు చూపించాం. పక్కకు ఒత్తిగిలితే చాలు, గదంతా గిర్రున తిరుగుతోందంటోంది. లోపలికి పంపేముందు ఓ కాగితం చేతిలో పెట్టారు. పాతిక ప్రశ్నలు, అన్నీ ఇంగ్లీషులోనే! ఈ చుట్టుపక్కల ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలకు సాఫ్ట్‌వేర్ పిల్లలే దుబాసీలు. మా తమ్ముడూ అంతే. ‘అమ్మా, దీనివల్ల ఇంట్లోవాళ్లతో ఏమైనా ఇబ్బందులొచ్చాయా?’ అని చదివాడు. పక్కనే కోడలు కూర్చునుంది. అమ్మ ఏమంటుంది? ‘అబ్బే, అదేం లేదురా’ అంది. వాడు ‘నో’ దగ్గర టిక్కు పెట్టేశాడు.

ఆ కాగితం పేరు డిజ్జీనెస్ హ్యాండిక్యాప్ ఇన్వెంటరీ. గ్యారీ జాకబ్సన్, క్రెయిగ్ న్యూమన్ అనే అమెరికన్ నిపుణులు 1990లో తయారుచేశారు. అవునంటే 4 మార్కులు, ఒక్కోసారి అంటే 2, లేదంటే సున్నా. మొత్తం 100. ఇక్కడ ఎక్కువ మార్కులొస్తే సంతోషించకూడదు, బాధ అంత ఎక్కువన్నమాట! ఆ జబ్బు మనిషి బతుకును ఎంత కుదిపిందో స్కానింగులు చెప్పలేవు, ఇది చెబుతుంది. చికిత్సకు ముందూ తర్వాతా నింపిస్తే గుణం కనిపించిందో లేదో తెలుస్తుంది. చెవిలో హోరుకు 1996లో వచ్చిన ప్రశ్నావళిలోనూ ఈ ఇద్దరి చేయి ఉంది.

గ్రీకు సహా చాలా భాషల్లోకి ఇది వెళ్లింది. వెళ్లడమంటే ఇంగ్లీషొచ్చిన ఒకరు కూర్చుని రాసేయడం కాదు. ఇద్దరు విడివిడిగా అనువదిస్తారు. రెంటినీ కలిపి ఒకటి చేస్తారు. అసలు ప్రతిని చూడనివాళ్లు దాన్ని తిరిగి ఇంగ్లీషులోకి తెస్తారు. ఎక్కడ పొసగలేదో అక్కడ అర్థం మారినట్టే. ఆపైన రోగులతో చదివించి, ‘మీకేం అర్థమైంది?’ అని అడుగుతారు.

తెలుగులో అయితే మొదటి మాట దగ్గరే చిక్కు. ‘కళ్లు తిరిగి పడిపోయాడు’ అంటే మనకు స్పృహ తప్పాడనే. అది ఆకలి వల్లా కావచ్చు, బీపీ వల్లా కావచ్చు. లోచెవిలో తేడా వస్తే ఇల్లే తిరిగినట్టుంటుంది. హైదరాబాదులో వినిపించే ‘చక్కరొస్తోంది’ రెంటికీ పనికొస్తుంది, అదే ఇబ్బంది. సూపర్‌మార్కెట్ అరల మధ్య నడిస్తే ఎక్కువవుతుందా అని ఇంకో ప్రశ్న. కొండాపూర్‌లో ఫర్వాలేదు. మరి మా ఊళ్లో? పోనీ, సంత అని మార్చేద్దామా అంటే కుదరదు. అటూ ఇటూ బారులు తీరిన సరుకులు కళ్లముందు కదిలిపోతుంటే తూలుతుందా అన్నది కదా అసలు సంగతి! ఇక ‘హ్యాండిక్యాప్డ్’ అన్నదాన్ని తమ్ముడు ‘వికలాంగురాలిలా అనిపిస్తుందా’ అని అడిగేసరికి అమ్మ మొహం చిన్నబోయింది.

ఇంటికొచ్చాక ప్రశ్నలన్నీ నాకు చేతనైన తెలుగులో రాసిచ్చాను. ఈ సొంత రాతకు వైద్యం లెక్కలో విలువుండదు, తెలుసు. అమ్మ కళ్లజోడు పెట్టుకుని, వంటింట్లో ఒక్కతే కూర్చుని నింపింది. ఇంట్లోవాళ్ల ప్రశ్నకు ఈసారి ‘అవును’ అని ఉంది. ఏమిటని అడిగితే, ‘గిన్నెలు ముట్టనివ్వరు, మనవణ్ని ఎత్తుకోనివ్వరు. చుట్టంలా కూర్చోవాలి’ అంది. రెండోసారి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఆ కాగితం కూడా పట్టుకెళ్లాం.