మంత్రిపదవియు మన్ననయు

మంత్రులను తూచు తక్కెడ కారంపూడివారికి క్రొత్తది గాదు. పల్నాటి యుద్ధము ముగిసి యెనిమిది శతాబ్దములు గడచినను, బ్రహ్మనాయని మంత్రాంగ మెట్టిది, నాగమ్మ మంత్రాంగ మెట్టిదని నాగులేటి యొడ్డున నేటికిని తర్కించుచునే యున్నారు. అట్టివారి యెదుట, మన సీమవారైన కాసు బ్రహ్మానందరెడ్డిగారు ఏడున్నర యేండ్లు ముఖ్యమంత్రిగా నుండిరి గనుక సమర్థులని చెప్పి చేతులు దులుపుకొన్న చాలదు. పదవిని నిలుపుకొనుట సామర్థ్యమే, కాదనము. ఆ సామర్థ్య మెవరి కక్కఱకు వచ్చెననియే మా ప్రశ్న.

న్యాయవాదిగా నుండి 1946లో మద్రాసు శాసనసభ కెక్కిన యీ నరసరావుపేట సీమ బిడ్డ, ఆర్థికమంత్రియై, 1964 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి యయ్యెను. 1967 ఆగస్టు 4న నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలినది ఆయన పాలనముననే. పునాది 1955లో నెహ్రూగారు వేసినదే యైనను, పని ముందుకు నడిపించిన వారికి దక్కవలసిన కీర్తి దక్కవలయును. (కాలువకు మీదైన వెల్దుర్తి మెట్ట పొలముల గోడు వేఱొక వ్యాసమునకు తగినది.)

కాని విశాఖ మాట యేమి? ఉక్కు కర్మాగారము మనకే కావలెనని 1966 జూలైలో శాసనసభ యేకగ్రీవముగా తీర్మానించెను. ముఖ్యమంత్రి యాయనయే. అదే కోరికతో గుంటూరు జిల్లావాడైన అమృతరావు అక్టోబరులో విశాఖపట్టణమున నిరాహారదీక్ష పట్టెను. జనము వీథుల కెక్కెను. నవంబరు 1న పోలీసు తుపాకులు ప్రేలెను. సభలో తీర్మానముగా నున్నంతవఱకు న్యాయమైన కోరిక, వీథిలో నినాదమైనంతనే నేరమెట్లయ్యెను? అడిగినది రాజ్యము గాదు, కర్మాగారము! 1970 ఏప్రిలులో ఢిల్లీ దానిని విశాఖకే యిచ్చెను. చచ్చినవారు మాత్రము తిరిగి రాలేదు.

1969లో తెలంగాణము మండినపుడును ఇదే తీరు. 1956 నాటి పెద్దమనుష్యుల యొప్పందమును అమలు జరుపుడని విద్యార్థులు మొఱపెట్టగా, తుపాకియే మరల బదులు చెప్పెను. 1971 ఎన్నికలలో అచ్చటి 14 లోక్‌సభ స్థానములలో 10 తెలంగాణ ప్రజాసమితి గెలిచెను. ఆ సెప్టెంబరులోనే ఆయన గద్దె దిగిరి. శాసనసభలో బలము తఱిగి కాదు సుమా. జనుల మన్నన తఱిగి.

ఇక ఢిల్లీ. 1975 జూన్ 25న ఆయన దేశీయాంగ మంత్రి. దేశమున అత్యయిక స్థితి విధింపబోవుదురన్న సంగతి యా శాఖ యేలుచున్న వారికే యా రాత్రి గాని తెలియలేదు. తెలిసిన పిమ్మట సంతకము చేసిరి, రాజీనామా చేయలేదు. మంత్రివర్గములోని తక్కినవారికి మఱునాటి యుదయము తెలిసినది. వారును నోరెత్తలేదనుట నిజమే. కాని జైళ్లు నింపిన పోలీసులకు పెద్దదిక్కు దేశీయాంగ మంత్రి గాడా?

1978 జనవరిలో కాంగ్రెసు అధ్యక్షుడుగా నుండి ఇందిరాగాంధీగారినే పార్టీనుండి బహిష్కరించు సాహసము చేసిరి. అప్పటికామె చేతిలో నధికారము లేదు. అధికార మున్న రాత్రి యా సాహస మెచ్చట దాగియుండెను?