దరఖాస్తుల సొమ్ముకు లెక్కేది?

అమెరికాలో నొప్పి మందులమ్మి జనాన్ని మత్తులో ముంచిన కంపెనీలు 5,000 కోట్ల డాలర్లకు పైగా పరిహారమివ్వడానికి ఒప్పుకున్నాయి. అది చికిత్సకు పోతోందా, పోలీసు వాహనాలకా అని బాధిత కుటుంబాలు నిలదీస్తున్నాయి. మన దగ్గర మద్యం టోకున అమ్మేది సర్కారు సంస్థే. ఇక నిలదీసేదెవరిని?

2025 అక్టోబరులో తెలంగాణ ప్రభుత్వం 2,620 మద్యం దుకాణాలకు దరఖాస్తు రుసుముగానే, ఒక్కోటి 3 లక్షల చొప్పున, సుమారు 2,850 కోట్లు రాబట్టింది. ఇంకా సీసా మూత తీయకముందే! 1997లో మద్యనిషేధం ఎత్తేసేటప్పుడు ఖజానా నష్టాన్ని ఏకరువు పెట్టారు. నష్టం లెక్క తెలిసినవాళ్లకు ఖర్చు లెక్క తెలియదా?

నేనడిగేదింతే. మేడ్చల్, శామీర్‌పేట దుకాణాల మీద వచ్చిందెంత, తాగుడు మాన్పించే చికిత్సకూ దెబ్బలు తిన్న స్త్రీల ఆశ్రయానికీ పెట్టిందెంత, ఆ దుకాణాల గోడల మీదే రాయండి. ఆ లెక్క తనిఖీ చేసే కమిటీలో ఎక్సైజు అధికారులతోపాటు ఆ ఇళ్ల ఆడవాళ్లను కూచోబెట్టండి.