గ్రహణమునాఁటి గర్వము

గుప్తవాకాటకుల కాలమును మనము నేఁటికిని కొనియాడుచున్నాము. అజంతా చిత్రములకు పొంగుదుము. ఆర్యభటుని పేరు విని గర్వింతుము. ఆ కాల మేల గొప్పదయ్యెను? పాతదగుటచేతనా? కాదు, ప్రశ్నింప వెఱవకుండుటచేత. క్రీ. శ. 499 నాఁటికి 23 ఏండ్లు నిండిన ఆర్యభటుఁడు, భూమి తిరుగుచున్నదనియు, చంద్రగ్రహణమునకు భూచ్ఛాయయే కారణమనియు తన గ్రంథమునఁ జెప్పెను. 628లో బ్రహ్మగుప్తుఁడు భూభ్రమణమును ఖండించెను. వాదము సాగెను, గ్రంథము నిలిచెను.

మనమో? గ్రహణము రాఁగానే గర్భిణిని చీఁకటిగదిలో మూసి, వండిన యన్నము పాఱఁబోసి, ఆర్యభటుని వారసులమని చెప్పుకొందుము! ఇది పూర్వులయెడ భక్తి కాదు, పరిహాసము. చదువరులారా, రాఁబోవు చంద్రగ్రహణమునాఁడు తలుపులు తెఱవుఁడు. గర్భిణికి వేళకు అన్నము పెట్టుఁడు. బిడ్డలను వాకిట నిలిపి యా నీడను చూపుఁడు. ఆర్యభటునకు తగిన పూజ యదియే.